రాత్రి పదింటి కంచం

ప్రశ్న:

నమస్తే మేడమ్. నాకు 41 ఏళ్లు. గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెబుతాను. ఇంట్లో అత్తయ్యగారు, మావారు, ఇద్దరు పిల్లలు. నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 72 కిలోలు. మా అమ్మకి షుగర్ ఉంది. రెండు నెలల క్రితం పరీక్ష చేయిస్తే నాకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. మందులు ఇంకా అక్కర్లేదు, బరువు తగ్గండి అన్నారు డాక్టర్ గారు.

తగ్గాలని నాకూ ఉంది. జనవరిలో జిమ్‌కి మూడు నెలల ఫీజు కట్టి పదకొండు రోజులు వెళ్లాను. ఉగాదికి వాకింగ్ మొదలుపెట్టి రెండు వారాలకి ఆపేశాను. తర్వాత 21 రోజుల ఛాలెంజ్ అని టీ, స్వీట్లు, బేకరీ తిండి అన్నీ ఒకేసారి మానేశాను. తొమ్మిదో రోజు మా చెల్లెలి కొడుకు పుట్టినరోజు. కేక్ తిన్నాను. ఎలాగూ పోయింది కదా అని ఆ వారమంతా కనబడిందల్లా తిన్నాను.

నా అలవాట్లు దాచకుండా చెబుతాను. రోజుకి ఐదు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్ల పంచదార. సాయంత్రం స్కూల్ నుంచి రాగానే మిక్చర్ డబ్బా దగ్గర నిలబడిపోతాను. పిల్లలు, అత్తయ్యగారు ఎనిమిదికి తినేస్తారు. మావారు కిరాణా షాపు మూసి తొమ్మిదిన్నరకి వస్తారు. ఆయనకి పెట్టాక పదింటికి నేను తింటాను, గిన్నెల్లో మిగిలింది కూడా. అన్నీ సర్దుకుని మంచం ఎక్కేసరికి పదకొండు. అప్పుడు ఫోన్ పట్టుకుంటే పన్నెండున్నర, ఒక్కోసారి ఒంటిగంట. పొద్దున్నే ఐదున్నరకి లేవాలి. తప్పని తెలుసు. కానీ రోజు మొత్తంలో నాకంటూ ఉండేది ఆ గంటే.

నాకు పట్టుదల లేదా? ఇవన్నీ ఒక్కసారిగా ఎలా మానుకోవాలి?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. ఐదారు చెడ్డ అలవాట్లు రాశానని మీరు అనుకుంటున్నారు. నాకు మాత్రం అవన్నీ ఒకే దారానికి గుచ్చినట్టు కనిపించాయి. ఆ దారం కొస రాత్రి పదింటికి మీరు పెట్టుకునే కంచం దగ్గర ఉంది.

మధ్యాహ్నం బాక్స్ ఎన్నింటికి తింటారో రాయలేదు. స్కూలు కాబట్టి ఒంటిగంట అనుకుందాం. అక్కణ్నుంచి రాత్రి పదింటిదాకా తొమ్మిది గంటలు. ఈ తొమ్మిది గంటల్లో మీ కడుపులో పడేవి టీ, మిక్చర్. అంత ఆకలి మీద కంచం ముందు కూర్చున్నవాళ్లు కొలిచి తినరు. నేనైనా తినను. తిన్న గంటకే పడుకుంటే కడుపు బరువుగా ఉండి నిద్ర పట్టదు, ఫోన్ చేతిలోకి వస్తుంది. ఒంటిగంటకి పడుకుని ఐదున్నరకి లేస్తే నాలుగున్నర గంటల నిద్ర. ఆ నిద్రతో వాకింగ్‌కి ఎవరు వెళ్తారు? మూడో పీరియడ్‌కల్లా కళ్లు మూతలు పడుతుంటాయి, టీ కావాలి. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆకలి, నీరసం రెండూ కలిసి డబ్బా దగ్గర నిలబెడతాయి. మళ్లీ రాత్రి పది.

జిమ్ పదకొండు రోజులకే ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలుస్తోంది కదా. నాలుగున్నర గంటలు పడుకుని, ఇంటిల్లిపాదికీ వండి, రెండు తరగతుల పేపర్లు దిద్దే మనిషికి పట్టుదల లేదని నేను ఒప్పుకోను. ఆ పట్టుదలంతా పొద్దున్న ఐదున్నర నుంచి ఖర్చయిపోతోంది. రాత్రికి ఏమీ మిగలడం లేదు.

అందుకే నా మొదటి సలహా మీకు వింతగా అనిపిస్తుంది. టీ మానకండి, మిక్చర్ మానకండి, జిమ్ సంగతి మర్చిపోండి. పొద్దున్న వాకింగ్ కూడా ప్రస్తుతానికి వద్దు. మొదటి నెల ఒకే ఒక్క పని: రాత్రి భోజనం ఎనిమిదింటికి, పిల్లలతో, అత్తయ్యగారితో కలిసి. పదిన్నరకి దీపం ఆర్పేయడం దాని వెనకాలే వస్తుంది.

నిద్ర గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2022లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అధిక బరువు ఉండి, రాత్రిళ్లు ఆరున్నర గంటల కంటే తక్కువ పడుకునే 80 మందిని తీసుకున్నారు. వాళ్లలో కొందరికి నిద్ర పెంచుకోవడం ఎలాగో నేర్పించి, రెండు వారాలు ఇంట్లోనే మామూలుగా బతకమన్నారు. తిండి తగ్గించమని ఎవరికీ చెప్పలేదు. ఆ కొందరి నిద్ర సుమారు గంటా పది నిమిషాలు పెరిగింది. తిండి రోజుకి సగటున 270 క్యాలరీలు దానంతటదే తగ్గింది. డైటింగ్ లేదు, జిమ్ లేదు. నిద్ర చాలని ఒంటికి ఆకలి ఎక్కువ వేస్తుంది, అది కూడా తీపి మీదికీ కారప్పూస మీదికీ పోతుంది. మీకు ఇది నేను చెప్పాలా, పరీక్షల పేపర్లు దిద్దే రాత్రుళ్లు గుర్తు తెచ్చుకోండి.

ఇక ఎనిమిదింటి భోజనం. అసలు చిక్కు అక్కడే. తొమ్మిదిన్నరకి వచ్చే మనిషి కంటే ముందు తినడమా అన్న సంకోచం. అత్తయ్యగారు ఏమైనా అంటారేమో అన్న భయం. చాలా ఇళ్లలో ఎవరూ ఏమీ అనరు, అంటారేమోనని మనమే ఇరవయ్యేళ్లు ఆగుతాం. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో సగం మందికి పైగా ఇంట్లో ఆఖరున తినేవాళ్లే. భర్తని కూడా పిలిచి ఈ మాట చెబితే, ఆయన తెల్లబోయి, “నా కోసం ఆగమని నేనెప్పుడన్నాను?” అంటారు. నిజంగానే అని ఉండరు.

అయినా ఇంట్లో కొత్త పద్ధతి పెట్టడం మాటలు కాదు కాబట్టి ఒక దారి చెబుతాను. మన ఇళ్లలో కోడలి మాట చెల్లినా చెల్లకపోయినా డాక్టర్ మాట చెల్లుతుంది. ఈసారి వెళ్లినప్పుడు రాత్రి భోజనం ఎన్నింటికల్లా అయిపోవాలని అడగండి. అడిగి ఊరుకోకుండా ఆ మాట చీటీ మీద రాయించుకోండి: “రాత్రి భోజనం 8 గంటలకి.” ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. అత్తయ్యగారే మొదటి వారం తర్వాత, “ఎనిమిదైంది, నీ కంచం పెట్టుకోవే” అని పిలిచినా ఆశ్చర్యపోకండి. ఆయన వచ్చాక పక్కన కూర్చుని ఒక గ్లాసు మజ్జిగ తాగుతూ కబుర్లు చెప్పండి. కలిసి ఉండటం పోదు. గిన్నెలు టేబుల్ మీద మూతపెట్టి ఉంటాయి, రోజంతా సరుకు తూచి ఇచ్చే మనిషికి అన్నం వడ్డించుకోవడం ఎంతసేపు?

కంచంలో ఏముండాలన్నది రెండో నెల సంగతి. కానీ మీరు ఆగరని తెలుసు కాబట్టి ఇప్పుడే కొంచెం చెబుతాను. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో మన దేశానికి కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పళ్లు ఉండాలని, బియ్యం, గోధుమల్లాంటి గింజల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదని అందులో ఉంది. మన దగ్గర అది 50 నుంచి 70 శాతం దాకా ఉంటోంది. గుంటూరు కంచంలో ఎలా ఉంటుందో మనకి తెలియనిది కాదు: అన్నం కొండ, పక్కన గోంగూర, ఊరమిరపకాయ.

అన్నం మానేయమని నేనెవరికీ చెప్పను. చెబితే వినేవాళ్లూ లేరు. మన భోజనానికి ఒక వరస ఉంది కదా: పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. నాలుగు మార్లు, మారుకొక గరిటె అన్నం. ఇందులో రెండు మార్లకి అన్నం తీసేయండి, పదార్థం ఉంచండి. చారు గ్లాసులో పోసుకుని వేడివేడిగా తాగండి. పెరుగుని పలచగా చేసి, అల్లం, కరివేపాకు నలిపి మజ్జిగగా తాగండి. పప్పు, కూర మాత్రం ఇప్పటికంటే రెట్టింపు వేసుకోండి, వారంలో మూడు నాలుగు రోజులు గుడ్డు చేర్చండి. నాలుగు రుచులూ నాలుక మీద పడతాయి, అన్నం సగమవుతుంది, ఏదో పోగొట్టుకున్నట్టు ఉండదు. ఈ ఒక్క కిటుకు నా దగ్గర డైట్ చార్టులన్నిటికంటే ఎక్కువ మందికి పనిచేసింది. చార్టులు వారం తర్వాత ఎలాగూ ఫ్రిజ్ మీద వెలిసిపోతాయి.

గిన్నెల్లో మిగిలింది తినడం గురించి రాశారు. అది నా పాత జబ్బు కూడా. పిల్లలు చిన్నప్పుడు వాళ్ల కంచాల్లో వదిలేసిన పెరుగన్నం, సగం కొరికిన ఇడ్లీ, గిన్నె అడుగున రెండు గరిటెల పులిహోర, అన్నీ నా ఖాతాలోకే వచ్చేవి. పారేస్తే పాపం అని మా అమ్మ నేర్పింది, ఆవిడకి వాళ్లమ్మ నేర్పింది. పాపం అంటకుండా బయటపడే దారి ఏమిటంటే, ఎవరూ తినకముందే మీ కంచంలో మీకు కావలసింది పెట్టేసుకోవడం. ఆయన తిన్నాక మిగిలింది స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయడం. మర్నాడు తాలింపు అన్నం అవుతుంది. రెండు వారాలు వరసగా మిగులుతుంటే కుక్కర్లో పోసే బియ్యం అరగ్లాసు తగ్గించండి. గిన్నెలో లేనిది మిగలదు.

ఇప్పుడు ఆ ఫోన్ గంట. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం అదే: “నాకంటూ ఉండేది ఆ గంటే.” ఇది చదివి కూడా ఫోన్ పక్కన పడేయండి అని చెబితే నాకు బుద్ధి లేనట్టే. ఆ గంట మీకు కావాలి. రోజంతా టీచర్‌గా, కోడలిగా, అమ్మగా ఉన్న మనిషి కాసేపు ఎవరికీ ఏమీ కాకుండా ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. చిక్కల్లా ఆ గంటని మీరు మీ నిద్రలోంచి తీసుకోవడం. ఇంట్లో అందరి సమయం నుంచి కొంచెం కొంచెం తీసుకోవాల్సింది పోయి, ఎవరూ అడగరు కాబట్టి మీ దాంట్లోంచే తీసుకుంటున్నారు.

ఎనిమిదింటికి తినేస్తే ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఒక గంట ఖాళీ పడుతుంది. అది మీది. పిల్లలకి హోంవర్కు సందేహాలు ఏడున్నర లోపే అడగమని చెప్పండి, లెక్కల టీచర్ ఇంట్లో కూడా ట్యూషన్ టైం పెట్టొచ్చు. ఫోన్ తీసుకుని డాబా మీదికి వెళ్లిపోండి. చెల్లెలికి ఫోన్ చేస్తారో, పాత పాటలు వింటారో మీ ఇష్టం, కాకపోతే నడుస్తూ. పదిహేను నిమిషాలు నడిస్తే చాలు, మిగతా సేపు పిట్టగోడ మీద కూర్చోండి, ఎవరైనా పిలిస్తే వినబడనట్టు ఊరుకోండి. తిన్న తర్వాత నడక షుగర్‌కి ఎంతో మంచిది. రక్తంలోకి వచ్చిన చక్కెరని అప్పుడే కాలి కండరాలు వాడేసుకుంటాయి. న్యూజిలాండ్‌లో టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లతో చేసిన పరిశీలనలో, రోజుకి ఒకేసారి అరగంట నడిచినప్పటి కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక పెరిగే చక్కెర తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా మరీ ఎక్కువ. కాబట్టి పొద్దున్న ఐదింటి వాకింగ్ మానేశానని దిగులు పడక్కర్లేదు.

పదిన్నరకి ఫోన్ ఎక్కడుండాలో కూడా ముందే అనుకోండి. మంచం పక్క ప్లగ్‌లోంచి ఛార్జర్ తీసి వంటింట్లో మిక్సీ పక్కన పెట్టండి. అలారం కోసమే ఫోన్ అంటారా, బజారులో గంట కొట్టే అలారం గడియారాలు ఇంకా అమ్ముతున్నారు. అర్ధరాత్రి మెలకువ వస్తే వంటింటి దాకా లేచి వెళ్లి ఫోన్ తెచ్చుకునే ఓపిక చాలామందికి ఉండదు. మీకు ఉంటే అప్పుడు మళ్లీ రాయండి.

టీకి వద్దాం. మీకు లెక్కలొచ్చు కాబట్టి లెక్కే చెబుతాను. స్పూను పంచదార 5 గ్రాములు. ఐదు టీలకి పది స్పూన్లు, 50 గ్రాములు. గ్రాముకి 4 క్యాలరీలు, మొత్తం 200. మీ బరువున్న మనిషి ముప్పావు గంట మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 190. అంటే ఉగాది తర్వాత మీరు నడిచిన ఆ రెండు వారాల నడకంతా స్టాఫ్ రూమ్ థర్మాస్‌లో కరిగిపోయింది. నెలకైతే కిలోన్నర పంచదార. నా టేబుల్ మీద ఒక గాజు సీసాలో సరిగ్గా కిలోన్నర పోసి పెట్టుకుంటాను. టీ లెక్క చెప్పినవాళ్లకి ఆ సీసా చేతికిస్తాను. ఎవరూ ఏమీ అనరు, బరువు చూసి మెల్లిగా టేబుల్ మీద పెట్టేస్తారు. పైన చెప్పిన మార్గదర్శకాల్లో పంచదార రోజుకి 25 గ్రాములు దాటొద్దన్నారు. మీకు టీలోనే అంతకు రెట్టింపు అవుతోంది.

అయినా మొదటి నెల టీ అలవాటుని మార్చొద్దన్నాను, ఆ మాట మీదే ఉన్నాను. రెండో నెలలో ఇంటి టీలతో మొదలుపెట్టండి. రెండు స్పూన్లని ఒకటిన్నర చేయండి, పది రోజుల తర్వాత ఒకటి. నాలుక మెల్లిగా సర్దుకుంటుంది, ఒక్కసారిగా మానేస్తే తిరగబడుతుంది. స్టాఫ్ రూమ్ టీలో పంచదార ముందే కలిపి వస్తుంది, మీ చేతిలో లేదు. కప్పు సగానికి పోయించుకోండి. ఆఖరి టీ సాయంత్రం ఐదు లోపు అయిపోవాలి, ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. భోజనంతో పాటు, తిన్న వెంటనే టీ వద్దు. తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది, మన ఆడవాళ్లకి అసలే రక్తం తక్కువ.

పంచదార బదులు బెల్లం వేసుకోవచ్చా అని మీరు అడగలేదు. మీ పక్కింటావిడ చెబుతుంది చూడండి. బెల్లం కూడా చక్కెరే, షుగర్ రిపోర్టుకి ఆ తేడా తెలియదు. తేనె కూడా అంతే. చిరుధాన్యాలు మంచివే కానీ రాగి సంగటి రెండు ముద్దలు తిన్నా, కొర్రన్నం కొండంత పెట్టుకున్నా లెక్క మారదు.

మిక్చర్ డబ్బాకి పెద్ద వైద్యం అక్కర్లేదు. నాలుగున్నర, ఐదింటికి మీకు వేసేది నిజమైన ఆకలి, దాన్ని తిట్టకండి. ముందు రోజు రాత్రే శనగలు నానబెట్టి పొద్దున్న ఉడకబెడితే సాయంత్రానికి గుగ్గిళ్లు తయారు. వేరుశనగకాయలు ఉడకబెట్టినా సరే, జామకాయ కోసుకుని ఉప్పూకారం చల్లుకున్నా సరే. అవి టేబుల్ మీద ఎదురుగా ఉండాలి, మిక్చర్ డబ్బా స్టూలు వేసుకుంటే గానీ అందని పై అరలో ఉండాలి. ఇంట్లోంచి తీసేయమనడం లేదు, పిల్లలున్న ఇల్లు. స్టూలు వేసుకుని మరీ తీసుకునే రోజున గిన్నెలో పోసుకుని, కూర్చుని, ఇష్టంగా తినండి. నిలబడి గుప్పిళ్లతో తినేదానికి లెక్కుండదు.

ఇప్పుడు ఆ 21 రోజుల సంగతి. అది ఎక్కడ పుట్టిందో తెలుసా? 1960లో అమెరికాలో ఒక ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లకి తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. ముక్కు సరిచేయించుకున్నవాళ్ల గురించి చెప్పిన మాట. చేతులు మారీ మారీ అందులో “కనీసం” రాలిపోయింది, ముక్కు కూడా రాలిపోయింది, 21 రోజుల్లో ఏ అలవాటైనా వస్తుందనే మాట మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, తోటివాళ్లు కలిసి 96 మందిని 12 వారాలు గమనించారు. రోజూ ఒక చిన్న పని, భోజనంతో పళ్లు తినడమో రాత్రి భోజనానికి ముందు పరుగెత్తడమో, ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి ఎన్నాళ్లు పడుతుందని. 2010లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం సగటు 66 రోజులు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టొచ్చని అంచనా కట్టారు. మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి తేలింది అందులో. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరు ఏమంత చెడలేదు.

ఇప్పుడు తొమ్మిదో రోజు కేక్ ముక్క దగ్గరికి వెళ్దాం. మీ తరగతిలో ఒక పిల్లాడు మూడో లెక్క తప్పు చేశానని తెలిసి పేపరు చించేసి బయటికి వెళ్లిపోతే మీరేమంటారు? మీరు ఆ వారం చేసింది అదే. కేక్ వల్ల వచ్చిన నష్టం ఒక కేక్ ముక్కంత. తర్వాత ఆరు రోజులూ తిన్నది వేరే లెక్క. ఇకముందు సంక్రాంతికి అరిసెలు వస్తాయి, శ్రావణమాసం పేరంటాలు వస్తాయి, ఎవరింటికో పెళ్లి భోజనానికి రాత్రి పదిన్నరకి కూర్చోబెడతారు. వెళ్లండి, తినండి. మర్నాడు ఎనిమిదింటికి మళ్లీ మీ కంచం మీ ముందు ఉండాలి. వరసగా రెండో రోజు తప్పకుండా చూసుకుంటే చాలు, మిగతా వాటికి మార్కులు తీసేయకండి.

ఒళ్లు కదిలించడం గురించి తక్కువే చెబుతాను. వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి శ్రమ, రెండు రోజులు కండరాలకి పని, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే లెక్క. డాబా మీది పదిహేను నిమిషాలు వారానికి నూటైదు అవుతాయి. మధ్యాహ్నం బాక్స్ తిన్నాక స్కూల్ వరండాలో పది నిమిషాలు తిరిగితే మిగతాది వచ్చేస్తుంది. కండరాలకి జిమ్ అక్కర్లేదు. చేతులు పెట్టకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పదిసార్లు తోయడం, ఇలా రెండు విడతలు. నలభై దాటిన ఆడవాళ్లకి ఇది నడకంత ముఖ్యం, ఎవరూ చెప్పరు. మూడో నెలలో మొదలుపెట్టండి.

మీ 6.1 గురించి కొంచెం ధైర్యం, కొంచెం జాగ్రత్త. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్. మీరు గడప ఇవతలే ఉన్నారు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మీలాగా షుగర్‌కి ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాలతో వదిలేసినవాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 మందికే. వాళ్లకి బరువు పెద్దగా తగ్గకపోయినా షుగర్ ముప్పు తగ్గింది. అందుకే త్రాసు మీద అంకె కదలడం లేదని మూడో వారంలో మానేయకండి. బరువు వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకి చూసుకోండి. టేపుతో నడుము కొలత నెలకోసారి. మన దేశపు ఆడవాళ్లకి నడుము 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. మీ 72 కిలోల్లో మొదటి మజిలీకి 5 కిలోలు తగ్గితే చాలు, 55 కిలోల పెళ్లినాటి ఫోటో ముందు పెట్టుకోకండి.

డాక్టర్ గారిని రెండు విషయాలు అడగండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించారా? ఇనుము లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది, థైరాయిడ్ మందగిస్తే బరువు తగ్గడం కష్టం. రెండోది, మీరు గురక పెడతారా అని మీ వారిని అడిగి ఆ సంగతి కూడా చెప్పండి. గట్టి గురక, పగలంతా మత్తు ఉంటే దానికి వేరే చికిత్స ఉంది. ఈలోగా విపరీతమైన దాహం, రాత్రుళ్లు మాటిమాటికీ లేవాల్సి రావడం, కారణం లేకుండా బరువు పడిపోవడం లాంటివి కనిపిస్తే మూడు నెలలు ఆగకుండా వెంటనే వెళ్లండి.

లేకపోతే మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు, మూడు నెలల కంటే ముందు చేయిస్తే మీరు మార్చుకున్నది అంకెలో పూర్తిగా కనిపించదు. ఈ మూడు నెలలూ మిక్సీ పక్కన, ఛార్జర్ పెట్టే చోటే ఒక క్యాలెండర్ తగిలించి, రోజూ భోజనం ఎన్నింటికి అయిందో ఆ టైం మాత్రం రాయండి. ఏం తిన్నారో వద్దు, క్యాలరీలు వద్దు. రిపోర్టుతో పాటు ఆ క్యాలెండర్ మూడు పేజీలు కూడా నాకు పంపండి. ముందు పేజీలే చూస్తాను.